లారీ ఇంజను చెడినప్పుడు ఇంటివారి నిర్ణయం

కోనసీమలో సొంత లారీ ఉన్న కుటుంబానికి ఆ బండి పొలం వంటిది. అంబాజీపేట మార్కెట్టు నుండి కొబ్బరికాయ ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్ళేది లారీల మీదనే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో ఒక బండి కొనుక్కొని, దానిని తామే నడుపుకుంటూ ఇల్లు గడుపుకొనే సోదరులు ఉన్నారు. అటువంటి ఇంటికి ఇంజను పట్టేసిందన్న కబురు వస్తే అది ఒక్క డ్రైవరు సమస్య కాదు, ఇంటిల్లిపాది సమస్య.

అప్పుడు సలహాలకు కొదవ ఉండదు. ఉన్న ఇంజనుకే బోరు చేయించమని ఒకరు అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజను దొరుకుతుందని మరొకరు చెబుతారు. కొత్తది వేయించుకో, అప్పు నేను ఇప్పిస్తానని ఇంకొకరు ముందుకు వస్తారు. ఈ మూడింటిలో ఏదీ అన్ని వేళలా మంచిది కాదు, ఏదీ అన్ని వేళలా చెడ్డది కాదు. వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకోవడాన్ని విశ్వాసుల సుగుణంగా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్నది. అయితే సంప్రదింపులకు ముందు వాస్తవం తెలిసి ఉండాలి.

కనుక మొదటి పని ఇంజనును దింపి, విప్పించి, కొలిపించడం. విప్పకుండా చెప్పిన ఖర్చు ఊహ మాత్రమే. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అరిగే భాగాలు, మార్చడానికే తయారైనవి. అసలు చూడవలసినవి బ్లాకు, క్రాంకు. క్రాంకు జర్నల్స్‌ను మైక్రోమీటరుతో కొలిపించాలి. అరుగుదల కొద్దిపాటిదైతే గ్రైండింగు చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజు బేరింగులు వేయవచ్చు. బ్లాకు పగలక, క్రాంకు కంపెనీ చెప్పిన పరిమితిలోనే ఉంటే పాత ఇంజనును బాగుచేయించడం సబబైన దారి. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చుకొని వచ్చిందంటే మాత్రం దానిపై మరింత సొమ్ము పోయడం వృథా వ్యయమే అవుతుంది.

రెండవ పని, ఎందుకు చెడిందో తెలుసుకోవడం. రేడియేటరు పూడుకుపోయి ఇంజను వేడెక్కి ఉంటే, ఆ రేడియేటరునే ఉంచి కొత్త ఇంజను వేసినా అదే గతి పడుతుంది. నోజిల్ సరిగా చిమ్మక డీజిలు కారితే పిస్టను కాలిపోతుంది. బేరింగు చితికినప్పుడు లోహపు రజను ఆయిల్ కూలరులోనూ ఆయిల్ దారులలోనూ చేరుతుంది. దానిని శుభ్రం చేయకపోతే కొత్త బేరింగులనూ అది తినేస్తుంది.

మన ప్రాంతానికి ఇంకొక ప్రమాదం ఉంది. 2022 జూలైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తిన సంగతి మనకు తెలుసు. నీట మునిగిన బండిని స్టార్టు చేయరాదు. గాలి కుదించుకుంటుంది గాని నీరు కుదించుకోదు. సిలిండరులో నీరు ఉండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నోజిళ్ళు విప్పి, నీరు బయటికి పోయేలా చేతితో తిప్పించి, ఆయిల్ మార్పించిన తరువాతే ప్రయత్నించాలి. ఆ కాస్త ఓర్పు ఒక ఇంజనును కాపాడుతుంది.

మూడవ పని లెక్క వేయడం. ఇంజను బాగుంటే బండి ఆరు లక్షలు పలుకుతుందని, ఉన్నది ఉన్నట్టు అమ్మితే మూడు లక్షలు వస్తుందని అనుకుందాం. బాగుచేయించడానికి రెండున్నర లక్షలు అయితే పైకి యాభై వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. కాని షెడ్డులో నిలిచిన రోజుల ఆదాయం, కట్టవలసిన వాయిదాలు కలిపితే ఆ యాభై వేలు మిగలకపోవచ్చు. గేరు బాక్సు, ఛాసిస్, టైర్లు గట్టిగా ఉండి, బండి మరికొన్ని సంవత్సరాలు తిరుగుతుందంటేనే ఆ ఖర్చు సార్థకం.

పాత ఇంజను కొనదలిస్తే బిల్లు, ఇంజను నంబరు, అది ఏ బండిదో తెలిపే కాగితాలు అడగాలి. ఆర్.సి.లో ఇంజను నంబరు ఉంటుంది గనుక మార్పును రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి, బీమా వారికీ తెలియజేయాలి. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంజను కంప్యూటరుతో ముడిపడి ఉంటుంది. అదే నమూనా కాకపోతే అమరదు. కాగితాలు లేని చౌక ఇంజను దొంగసొత్తు కావచ్చు. దొంగసొత్తని తెలిసి కొనడం ఆ పాపంలో పాలుపంచుకోవడమే.

ఇక సొమ్ము సంగతి. దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో అప్పుల భారం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కారణం అడిగితే, అప్పుపడినవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, మాట ఇచ్చి తప్పుతాడని వివరించారు. అప్పు మనిషి శీలాన్నే తినేస్తుందన్న మాట. అటువంటిది, ఇల్లాలి నగలు వడ్డీకి కుదువపెట్టి ఇంజను కొనడం ఒక కష్టాన్ని తీర్చబోయి మరొక కష్టాన్నీ, ఒక నిషిద్ధాన్నీ ఇంటికి తెచ్చుకోవడమే. దానికి బదులు బంధువును భాగస్వామిగా చేర్చుకోవచ్చు. లాభం ఒప్పుకున్న నిష్పత్తిలో, నష్టం పెట్టుబడి నిష్పత్తిలో పంచుకోవాలి. వడ్డీలేని చేబదులు దొరికితే గడువుతో సహా రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి. ఇది ఖుర్ఆన్ ఆదేశం, అపనమ్మకానికి గుర్తు కాదు. అప్పు తీర్చలేక నలిగిపోతున్నవారు జకాతుకు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకరు. మసీదు కమిటీలు ఈ సంగతి మరువరాదు.

చివరకు అమ్మివేయడమే మేలని తేలితే లోపం దాచరాదు. చిక్కటి ఆయిల్ పోసి పొగ కనబడకుండా చేసి అమ్మడం బజారులో నేర్పు అనిపించుకోవచ్చు. కాని దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని చూసి, దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని స్పష్టం చేశారు. కొనేవాడి ఇంట్లోనూ పిల్లలుంటారు. ఉన్న లోపం చెప్పి అమ్మితే నాలుగు రూపాయలు తగ్గవచ్చు, ఆ సొమ్ములో శుభం మాత్రం తగ్గదు.

కొలిచి, లెక్కవేసి, ఇంటివారితో సంప్రదించి, ఇస్తిఖారా చేసి నిర్ణయించిన తరువాత అల్లాహ్‌పై భారం వేయాలి. మనందరి ఉపాధిలో అల్లాహ్ శుభాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.