అభిమానులకు పాలనలో స్థానము కావలయును

2024 ఆగస్టు 18వ తేదీన కలకత్తాలోని సాల్ట్ లేక్ క్రీడాంగణమున ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల మధ్య జరుగవలసిన డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ పోటీ భద్రతాకారణములచే రద్దుకాగా, ఆర్.జి. కర్ వైద్యకళాశాలలో హత్యాచారమునకు బలియైన యువవైద్యురాలికి న్యాయము కోరుచు, ఆ రెండు జట్ల అభిమానులును, వారితోపాటు మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులును తమతమ పతాకములతో ఒకే వీథిలో నిలిచిరి. పోలీసులు లాఠీలకు పనిచెప్పినను వారి ఐకమత్యము చెదరలేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఆ రెండు జట్లే తలపడుచుండగా చెలరేగిన ఘర్షణలో 16 మంది ప్రేక్షకులు ప్రాణములు కోల్పోయిన నగరమది. అట్టి నగరమున 2024లో కానవచ్చిన సౌహార్దమును ఒక దినపు ఆవేశముగా గాక, శాశ్వతమైన వ్యవస్థగా మలచుకొనవలయునని మా దృఢాభిప్రాయము.

సినీతారల అభిమానసంఘముల కలహములను చూచి చూచి, అభిమానమనగా ఎదుటివానిని దూషించుటయేయని భావించుచున్న మన యువకులు ఈ విషయమును శ్రద్ధగా పరిశీలింపవలయును. కేరళ బ్లాస్టర్స్‌కు మంజప్పడ, బెంగుళూరు జట్టుకు వెస్ట్ బ్లాక్ బ్లూస్, హైదరాబాదు జట్టుకు డెక్కన్ లీజియన్ అను సంఘములు అండగా నిలిచి, పాటలతోను, పతాకములతోను మన మైదానములకు జీవము పోసినవి. అయినను ఎవరికి వారుగా నున్నంతకాలము వీరి కంఠధ్వని మైదానపు గోడలు దాటదు.

ఇందులకు హైదరాబాదు అనుభవమే సాక్ష్యము. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టును నాల్గవ స్థానమునకును, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నగరమిది. ఈస్ట్ బెంగాల్ అభిమానులు నేటికిని తమవానిగా తలచు ఆటగాడు తులసీదాస్ బలరాం మన సికింద్రాబాదు బిడ్డ. ఇంతటి చరిత్ర గల చోట 2019లో వెలసి, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పును గెలుచుకొనిన జట్టు, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. ఎండకు వానకు ఓర్చి దానిని తమదిగా చేసికొనిన అభిమానుల అనుమతి తీసికొనవలెనను నియమమేదియు ఈ దేశమున లేదు! నేడు హైదరాబాదునకు జరిగినది రేపు కొచ్చికిని, బెంగుళూరికిని జరుగదని ఎవరు హామీ ఇయ్యగలరు?

యాజమాన్యములు నష్టములు భరించుచున్నవి గనుక నిర్ణయాధికారము వారిదేయను వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని జర్మనీలో 1998 నుండి అమలులోనున్న నియమము ప్రకారము, పెట్టుబడిదారు ఎంత ధనము వెచ్చించినను, సామాన్యముగా ఓటుహక్కులలో అధికభాగము జట్టు మాతృసంఘపు సభ్యుల చేతిలోనే ఉండును. అందువలన అచటి ఫుట్‌బాల్ క్షీణింపలేదు సరికదా, మైదానములు కిటకిటలాడుచున్నవి. అచటి లీగ్ ప్రసారహక్కుల రాబడిలో వాటాను పెట్టుబడిదారునకు అమ్మజూపినప్పుడు, పరస్పర విరోధులైన జట్ల అభిమానులు వారము వారము టెన్నిస్ బంతులను మైదానములోనికి విసరి ఆటలను నిలిపివేయగా, 2024 ఫిబ్రవరి 21న లీగ్ పాలకులు ఆ ప్రయత్నమును విరమించుకొనిరి. ఒక్క జట్టు అభిమానులే పూనుకొనియుండినచో అది సాధ్యమయ్యెడిదా?

కావున మన అభిమానసంఘములన్నియు కలిసి ఒక అఖిల భారత సమాఖ్యగా ఏర్పడవలయును. జాతిని, మతమును, భాషను నిందించు నినాదములు చేయువారిని తామే బహిష్కరించుట ఆ సమాఖ్య ప్రథమధర్మము కావలయును. పొరుగూరి నుండి వచ్చిన ప్రత్యర్థి అభిమానికి ఆతిథ్యమును, రక్షణను కల్పించుట ద్వితీయధర్మము. ఈ బాధ్యతలను వహించిన సమాఖ్యకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గమున ఓటుహక్కు గల స్థానము నొసంగవలయును. జట్టు పేరును, రంగులను, నగరమును మార్చు ప్రతిపాదన ఏదియైనను, ఆ జట్టు అభిమానుల సమ్మతి వ్రాతపూర్వకముగా లభించువరకు చెల్లదని లీగ్ నియమావళిలో చేర్చవలయును.