బల్లెం విసిరాక

చిరంజీవులైన పిల్లలకు,

అలాస్కా ఉత్తర తీరంలో తిమింగలాన్ని మంచు మీదికి లాగి కోస్తున్న దృశ్యం చూసి మీలో చాలామంది బాధపడ్డారు. కొందరు ఆ మనుషుల్ని రాక్షసులన్నారు. జీవహింసకు మీ మనసు కదిలిందంటే నాకు సంతోషమే. నేనూ మాంసం ముట్టనివాణ్ణే. కానీ వాళ్ళ చేతిలో ఏముందో, ఆ పని వాళ్ళు ఎలా చేస్తారో చూడకుండానే తీర్పు చెప్పేశారు. పాలిటెక్నిక్‌లో యంత్రాల పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి పనిముట్టుతోనే మొదలుపెడతాను.

వాళ్ళు అక్కడి మూలవాసులు, ఇన్యూపియాట్లు. ఊరు ఉట్కియాగ్విక్, 2016 దాకా దాని పేరు బారో. వాళ్ళ పూర్వులు చేసుకున్న బల్లెం ఒంటి కర్ర కాదు. పొడవాటి కర్ర, దాని కొసన దంతంతోనో ఎముకతోనో చేసిన చిన్న ముక్క, ఆ ముక్క మీద ఊడివచ్చేలా తొడిగిన మొన. తాడు కట్టేది మొనకే, అదీ దాని నడుముకు తొలిచిన రంధ్రంలోంచి. బల్లెం తగలగానే మొన చర్మాన్నీ కొవ్వునీ దాటి లోపలికి దిగుతుంది, కర్ర ఊడిపోతుంది. జంతువు గుంజుకుంటే తాడు బిగుసుకుంటుంది. అప్పుడు మొన కాజాలో దూరిన గుండీలా లోపల అడ్డం తిరుగుతుంది. ఇక ఎంత లాగితే అంత పట్టు. తాడు రెండో కొసన గాలి ఊదిన సీల్ తోలు తిత్తి ఉంటుంది. తిమింగలం మునిగినప్పుడల్లా అది పైకి లాగి దాన్ని అలసిపోయేలా చేస్తుంది, ఎటు పోతోందో కూడా చూపిస్తుంది.

ముళ్ళు చెక్కిన మామూలు మొన కండను చీల్చుకుని ఊడివస్తే జంతువు గాయంతో తప్పించుకుంటుంది, ఎక్కడో చస్తుంది, ఎవరికీ దక్కదు. అలా జరగకూడదన్న పట్టుదల ఈ మొన రూపంలోనే ఉంది. 1848లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో లూయిస్ టెంపుల్ అనే నల్లజాతి కమ్మరి ఇనుముతో అడ్డం తిరిగే మొన చేశాడు. అమెరికా తిమింగలాల వ్యాపారం దాన్ని వెంటనే అందిపుచ్చుకుంది. ఉత్తరాది వేటగాళ్ళకు మాత్రం అది అప్పటికే వందల ఏళ్ళ నాటి సంగతి.

పడవ గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఉమియాక్ అంటారు. చెక్క చట్రం మీద గడ్డపు సీల్ తోళ్ళు ఆరేడు కలిపి కుట్టి బిగిస్తారు. కుట్టేది ఆడవాళ్ళు, దారం జంతువుల నరాలతో పేనినది. రెండు తోళ్ళ అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి, సూదిని తోలు మందంలోనే నడిపి, అవతలికి పొడుచుకుపోకుండా వెనక్కి తీస్తారు. రంధ్రమే లేనప్పుడు నీళ్ళు ఎటునుంచి వస్తాయి? గడ్డకట్టే నీళ్ళలో ఓ సిబ్బంది ప్రాణాలు ఆ కుట్టు మీద ఆధారపడతాయి. నేను జీవితంలో చూసిన అతుకుల్లో ఇంత ఆలోచన ఉన్నది మరొకటి లేదు.

వసంతకాలపు వేటకు ముందు, శాశ్వతంగా గడ్డకట్టిన నేలలో తవ్విన మాంసపు కొట్లను శుభ్రం చేస్తారు. తనను చక్కగా ఉంచే చోటు చూసే తిమింగలం వస్తుందని వాళ్ళ నమ్మకం. వేట పడవ కెప్టెన్ భార్య ఇంట్లో నెమ్మదిగా మసలుకోవాలి, అప్పుడే తిమింగలమూ నెమ్మదిగా వస్తుందట. చంపిన జంతువుకు మంచినీళ్ళు పోసే ఆచారం ఆ ఉత్తర తీరాల్లో చాలాచోట్ల ఉండేది. ఉప్పునీళ్ళలో బతికిన ప్రాణికి దాహం వేసి ఉంటుందని. వేట ఫలించాక ఊరంతటికీ కెప్టెన్ ఇంట్లో భోజనం. వాటాలు పద్ధతి ప్రకారం పంచుతారు, మాంసం అమ్మరు. జూన్‌లో నలుకటాక్ పండుగ వస్తుంది. అప్పుడు మళ్ళీ పంపకం, తోలు దుప్పటి మీద మనుషుల్ని ఆకాశానికెగరేసే ఆట.

ఇవాళ వాళ్ళ దగ్గర పేలుడు గుళ్ళ తుపాకులూ ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన ఓడలవాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. అయినా తాడూ తేలే తిత్తీ వదల్లేదు. ఇన్యూపియాట్లు వేటాడే బోహెడ్ తిమింగలాలను మట్టుబెట్టింది ఆ ఓడలవాళ్ళే. 1848లో థామస్ రాయిస్ అనే కెప్టెన్ బేరింగ్ జలసంధి దాటినప్పటి నుంచి దీపాల నూనె కోసం, ఆడవాళ్ళ నడుముపట్టీల్లో పెట్టే, తిమింగలం నోట్లోని బలీన్ పలకల కోసం వేలకు వేలు చంపారు. మాంసం చాలావరకు సముద్రానికే వదిలేశారు.

ఆ నష్టానికి శిక్ష మాత్రం ఇన్యూపియాట్ల మీద పడింది. 1977లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ వాళ్ళ వేటను ఆపేయమంది. మిగిలినవి రెండు వేలలోపేనని శాస్త్రవేత్తల లెక్క. “మీరు మంచు అంచున నిలబడి కళ్ళకు కనిపించినవే లెక్కపెడుతున్నారు, తిమింగలాలు మంచు కింద నుంచీ పోతాయి” అన్నారు వేటగాళ్ళు. హ్యారీ బ్రోవర్ అనే పెద్దాయన తనకు తెలిసినదంతా శాస్త్రవేత్తలకు విడమరిచి చెప్పాడు. నీటి కింద మైకులు పెట్టి వింటే ఆ మాటే నిజమైంది. 2011 లెక్కలో అవి దాదాపు 17 వేలు. ఇక్కడ శాస్త్రాన్ని సరిదిద్దింది వేటగాడి చూపే, పరిశోధకులు కూడా దాన్ని ఒప్పుకున్నారు. ఈ కథను మన కాలేజీల్లో పాఠంగా చెప్పాలి.

మరొకటి. 2007లో ఉట్కియాగ్విక్ వాళ్ళు కోసిన ఓ తిమింగలం ఒంట్లో 1879 నాటి పేటెంటున్న పేలుడు గుండు ముక్క దొరికింది. దాన్ని మోస్తూ ఆ ప్రాణి నూరేళ్ళకు పైగా ఈదింది. అంతకుముందు మరికొన్నింట్లో పాత రాతి మొనలు కూడా బయటపడ్డాయి. ఈ జాతి ఎంతకాలం బతుకుతుందో లోకానికి తెలియడంలో ఆ మొనలు పెద్ద సాక్ష్యం. కళ్ళను పరీక్షించి 1999లో శాస్త్రవేత్తలు ఒకదాని వయసు 200 ఏళ్ళు దాటిందని అంచనా వేశారు.

ఇప్పుడు నేల వేడెక్కి ఆ మాంసపు కొట్లలోకి నీళ్ళు దిగుతున్నాయి. ఏడాదంతా ఊరు తినాల్సిన మాంసం పాడైపోతోంది. మీలో ఇంజనీరింగ్ చదివేవాళ్ళున్నారు. కరుగుతున్న నేలలో, కరెంటు ఖర్చు లేకుండా, టన్నుల కొద్దీ మాంసాన్ని గడ్డకట్టే చలిలో నిలవుంచడం ఎలాగో కాస్త లెక్కలు వేసి చూడండి. ఏం తోచినా నాకు రాయండి.

ఇట్లు,
మీ మేలు కోరే
మాస్టారు