నెపం వయసు మీద

హైదరాబాద్ ఎస్సార్ నగర్ సందుల్లో రాత్రి ఎనిమిదైతే కర్రీ పాయింట్ల ముందు కుర్రాళ్లు గుమిగూడతారు. అన్నం గదిలో కుక్కర్లో ఉడుకుతూ ఉంటుంది. పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో కట్టించుకుని వెళితే నలుగురికీ సరిపోతుంది. తిన్నాక గిన్నెలు ఎవరు కడగాలన్నదే ఆ గదిలో పెద్ద తగువు. ఉద్యోగం కోసం అమీర్‌పేటలో కోచింగ్, ఉద్యోగం వచ్చాకా అదే గది, శనివారం సెకండ్ షో. ఊళ్లోంచి నాన్న ఫోన్ చేస్తే 'తిన్నా' అంటే సరిపోతుంది.

పదేళ్లు తిరిగేసరికి అదే కుర్రాడు నిజాంపేటలో రెండు పడక గదుల ఫ్లాట్‌లో తేలతాడు. కింద స్కూల్ వ్యాన్ హారన్ కొడుతుంటుంది. పాప రెండో బూటు కనిపించదు. వాటర్ బాటిల్ దొరికితే దాని మూత దొరకదు. అదే సమయంలో నాన్న ఫోన్. ఇప్పుడు 'తిన్నా'తో అవదు. బీపీ మాత్ర వేసుకున్నారా, డాక్టర్ మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టారా అని అడగాలి. పాత మిత్రులు రమ్మంటే 'చూస్తానురా' అంటాడు. అంటే రాడని అందరికీ తెలుసు.

ముప్పై దాటాయి కదా, ఇక అంతే అని ఇంటా బయటా సరిపెట్టేస్తారు. నిజానికి ఇందులో వయసు చేసిన నేరం చాలా తక్కువ.

పొట్ట సంగతే తీసుకుందాం. ముప్పై రాగానే ఒంట్లో కొవ్వు కరగడం మందగిస్తుందని జిమ్ ట్రైనర్ దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరూ చెబుతారు. హెర్మన్ పాంట్జర్ బృందం 29 దేశాల్లో ఆరు వేల మందికి పైగా మనుషుల వివరాలు పరిశీలించి 2021లో 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. ఒంటి బరువు, కండ లెక్కలోకి తీసుకున్నాక చూస్తే, శరీరం ఖర్చు చేసే శక్తి ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా దాదాపు నిలకడగానే ఉంటుందని తేలింది. మారింది దినచర్య. లిఫ్టు లేని మూడో అంతస్తు గది పోయింది, ఆదివారం క్రికెట్ పోయింది. కారు, కుర్చీ వచ్చాయి. పిల్లాడు వదిలేసిన నాలుగు ముద్దలు పారేయబుద్ధి కాక నోట్లో వేసుకోవడం ఒకటి.

స్నేహాలదీ అదే కథ. ఒక యూరప్ దేశంలో మొబైల్ ఫోన్ కాల్స్‌ను విశ్లేషించిన పరిశోధన 2016లో వెలువడింది. మనిషి మాట్లాడే వాళ్ల సంఖ్య పాతికేళ్ల వయసులో గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుతూ పోతుందని అందులో తేలింది. అభిమానం తగ్గి కాదు, తీరిక దొరక్క.

ఇక డబ్బు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 50 లక్షల ఇంటి అప్పు ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలకు 43,391 రూపాయల ఈఎంఐ. తొలి నెల అందులో 35,417 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలుకు జమయ్యేది ఎనిమిది వేల లోపే. మొత్తం తీరేసరికి బ్యాంకుకు కోటీ నాలుగు లక్షల పైచిలుకు చేరుతుంది. ఇరవై ఆరేళ్లప్పుడు మేనేజర్‌తో మాటా మాటా వస్తే రాజీనామా పడేసినవాడు ఇప్పుడు నోరు మెదపడు. దాన్ని అనుభవంతో వచ్చిన ఓర్పు అని ఆఫీసులో మెచ్చుకుంటారు కూడా. అది ఈఎంఐ కట్టాల్సిన ఐదో తారీఖు భయమని వాడికొక్కడికే తెలుసు.

వయసే కారణమైతే ఈ బరువు అందరికీ ఒకే ఈడులో రావాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అద్దె గది, సెకండ్ షో, స్నేహితులతో గోవా అనే ఇరవైలు వాళ్ల జీవితంలోకి రానే లేదు. నగరంలో ముప్పై రెండేళ్లకు ఎదురయ్యేవన్నీ వాళ్లకు పంతొమ్మిదికే ఎదురయ్యాయి.

చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న ఆడవాళ్లకూ వాటా సమంగా లేదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి రోజుకు ఆడవాళ్లు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదీ అసలు ఇంటి పని ముట్టుకునే మగవాళ్ల లెక్క. తరగతి గదిలో పిల్లాడికి జ్వరం వస్తే ఫోన్ ముందు అమ్మకే వెళుతుంది. అప్పుడామె మీటింగ్‌లో ఉన్నా సరే. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలతో చూపించింది కూడా ఇదే. ఒకే రకం ఉద్యోగం చేసే ఆడా మగా జీతాల మధ్య తేడా చాలావరకు తొలి బిడ్డ పుట్టాకే పెరుగుతుంది.

మరి ఈ పదేళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? అమ్మమ్మలు, నానమ్మల పుణ్యాన. కూతురికి డాలస్‌లో కాన్పంటే విజిటర్ వీసా మీద అమ్మ ఆరు నెలలు వెళుతుంది, ఆమె తిరిగొచ్చాక అత్తగారు బయల్దేరతారు. ఇక్కడ ఊళ్లో నాన్న డెబ్బై ఏళ్లకు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టడం నేర్చుకుంటాడు. నిజాంపేటలోనూ అంతే. పల్లె నుంచి పెద్దావిడ వచ్చి బిడ్డను చూసుకుంటేనే కోడలు మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలిగేది. ఆ పెద్దావిడ మోకాళ్లు మొరాయిస్తే ఎవరో ఒకరు ఉద్యోగం మానాలి. ఎవరు మానతారో చెప్పనక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు సర్దుకుంటున్నారు కదా అని ప్రభుత్వాలూ కంపెనీలూ చూసీచూడనట్టు ఊరుకుంటున్నాయి. 2017లో సవరించిన ప్రసూతి చట్టం తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది. యాభై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పింది. తండ్రుల ఊసు అందులో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటులో కంపెనీ దయ. 2017లోనే అప్పటి ఎంపీ రాజీవ్ సాతవ్ తండ్రుల సెలవు కోసం లోక్‌సభలో ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఆ బిల్లును మళ్లీ తేవాలి. అంతకన్నా ముందు రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మాదాపూర్, గచ్చిబౌలి, విశాఖ రుషికొండల్లో యాభై మందికి పైగా ఉన్న ఆఫీసులన్నింటి జాబితా తీసి, ఏ ఆఫీసులో శిశు సంరక్షణ కేంద్రం నడుస్తోందో, ఏ ఆఫీసులో కాగితాల మీదే ఉందో పేర్లతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఉద్యోగంలో చేరేముందు జీతం ఎంతని అడిగే పాతికేళ్ల అమ్మాయీ అబ్బాయీ ఆ జాబితా కూడా చూసుకుంటారు.