వేలిముద్ర పడకపోతే తప్పు ఎవరిది? విజయనగరం నేర్పిన లెక్క

నెల మొదట్లో సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని ఇంటికే వస్తున్నాడు. రేషన్ షాపులో ఈ-పోస్ మిషన్ ఉంది. ఉపాధి పని దగ్గర ఫోన్‌లో ఫొటో తీసి హాజరు వేస్తున్నారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామూలు కుటుంబానికి ఇప్పుడు ప్రభుత్వం అంటే చాలావరకు ఒక తెర, ఒక వేలిముద్ర.

మిషన్ ఒప్పుకుంటే అంతా సాఫీగా సాగిపోతుంది. ఒప్పుకోకపోతే వినపడే మాటలు మనకి తెలిసినవే. ‘చెయ్యి కడుక్కుని రామ్మా’, ‘సర్వర్ లేదు, రేపు రండి’, ‘ఆధార్‌లో మీ పేరు వేరేగా ఉంది’. మన ఇళ్లలో నానీమాలు, దాదాలు దాన్ని తమ తప్పుగానే తీసుకుంటారు. చదువు రాదు కదా, వేళ్లు అరిగిపోయాయి కదా అని సర్దుకుని తిరిగొస్తారు.

మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య పని ఎలా జరుగుతుందో పరిశోధించే రంగం ఒకటుంది. అందులో పేరున్న డొనాల్డ్ నార్మన్ 1988లోనే ఈ సంగతి మీద పుస్తకం రాశారు. వాడేవాళ్లు పదేపదే తడబడుతుంటే ముందు అనుమానించాల్సింది ఆ వస్తువును తయారుచేసిన తీరునే అన్నది ఆయన వాదన. దీనికి రుజువు కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మన విజయనగరం జిల్లాలోనే దొరుకుతుంది.

స్మార్ట్ కార్డు పరీక్ష

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీ, పింఛను డబ్బుల్ని వేలిముద్ర స్మార్ట్ కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టారు. అది పనిచేస్తుందా లేదా తేల్చడానికి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే ఆర్థికవేత్తలు 2010 నుంచి ప్రభుత్వంతో కలిసి ఎనిమిది జిల్లాల్లో అధ్యయనం చేశారు. వాటిలో విజయనగరం ఒకటి. మొత్తం 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. లాటరీ పద్ధతిలో 112 మండలాలకు కార్డులు ముందు ఇచ్చారు, 45 మండలాలకు తర్వాత. రెండేళ్లయ్యాక రెండు వైపులా ఇళ్లకు వెళ్లి అడిగారు.

ఉపాధి కూలీ డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ సుమారు 22 నిమిషాలు తగ్గింది. డబ్బు ముందుకన్నా త్వరగా చేతికొచ్చింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము కూడా తగ్గింది. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి నన్ను బాగా ఆపిన లెక్క ఇంకొకటి ఉంది. కూలీలకు మిగిలిన సమయానికి వెల కడితే, అదొక్కటే ఈ పద్ధతికి పెట్టిన ఖర్చుకు సరిపోయింది. కార్డు వాడినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పాత పద్ధతికన్నా ఇదే మేలన్నారు. ఈ ఫలితాలు 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయ్యాయి.

ఎందుకు కుదిరింది? డబ్బు ఊళ్లోకే వచ్చింది. మిషన్ పట్టుకున్నది ఆ ఊరి మనిషే. అన్నిటికన్నా పెద్ద కారణం, కార్డు లేదని ఎవరికీ డబ్బు ఆపలేదు. రెండేళ్ల తర్వాత కూడా కార్డులిచ్చిన మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కార్డు మీద జరిగాయి. మిగతావాళ్లకి పాత దారి తెరిచే ఉంది.

జార్ఖండ్‌లో ఏమైంది

ఇదే బృందం తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను పరిశీలించింది. అక్కడ నిబంధన గట్టిగా పెట్టారు. అవినీతి తగ్గిన మాట నిజం. కానీ 15 నుంచి 20 లక్షల మంది అసలైన లబ్ధిదారులు ఏదో ఒక సమయంలో రేషన్ పోగొట్టుకున్నారని పరిశోధకులు తేల్చారు. రెండు చోట్లా అడిగింది వేలిముద్రే. అది పడనప్పుడు ఏం చెయ్యాలో ముందే ఆలోచించారా లేదా అన్న దగ్గరే తేడా వచ్చింది.

మన జిల్లాల్లో ఎవరికి కష్టం

పలాసలో జీడి పిక్కలు ఒలిచే ఆడవాళ్లను చూడండి. పిక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, వేలి గీతలు చెరిగిపోతాయి. రాళ్ల పని, మట్టి పని చేసేవాళ్లకీ, వయసు పైబడినవాళ్లకీ అదే బాధ. వేళ్ల చివర్లకి మెహందీ దట్టంగా ఉన్నా ఒక్కోసారి మిషన్ మొరాయిస్తుంది. బదులుగా ముఖం చూపించమంటే, నఖాబ్ వేసుకునే ఆడవాళ్లు ఫోన్ పట్టుకున్నది ఎవరని చూసుకోవాల్సి వస్తుంది.

ఇక పేర్లు. మహమ్మద్‌ను ఒక కాగితంలో ఎండీ అని, ఇంకోదాంట్లో మొహమ్మద్ అని రాస్తారు. షేక్ ఒక చోట ముందు, ఇంకో చోట వెనక. మనిషి చూస్తే ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది. కంప్యూటర్‌కి వాళ్లు ఇద్దరు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన రెండు జిల్లాల్లో ముస్లింలు నూటికి ఒకరు కూడా లేరు. అంటే మన పేర్ల దగ్గర మాత్రమే వచ్చే లోపం జిల్లా సగటులో కనపడనే కనపడదు. ‘99 శాతం విజయవంతం’ అని రిపోర్టు వచ్చినా, మిగిలిన ఆ ఒక్క శాతంలో మనమే ఉండొచ్చు.

ఏం అడగాలి

వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించకూడదనీ, వేరే గుర్తింపు చూసి ఇచ్చి రిజిస్టర్‌లో రాయాలనీ ఆధార్ సంస్థ 2017 అక్టోబర్ 24న సర్క్యులర్ ఇచ్చింది. ఉట్టి చేతులతో తిరిగొచ్చే ముందు ఈ మాట అడగండి. ఇవ్వకపోతే తేదీ, సమయం రాసుకుని సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండు. కొత్త యాప్ విడుదల చేసే ముందు పలాస జీడి కార్మికురాలి చేతా, ఉర్దూ మాత్రమే చదవగల పెద్దాయన చేతా వాడించి చూడాలి. ఉర్దూ 2022 నుంచి రాష్ట్రానికి రెండో అధికార భాష కూడా. రెండోది, ఎన్ని వేలిముద్రలు పడలేదో, వాళ్లలో ఎంతమంది సరుకు లేకుండా వెనక్కి వెళ్లారో మండలాల వారీగా ప్రకటించాలి. కంప్యూటర్లు ఇంతగా లేని రోజుల్లోనే 157 మండలాల్లో ఇళ్లకు వెళ్లి అడిగారు. ప్రతి వేలిముద్రా నమోదయ్యే ఈ రోజుల్లో ఆ లెక్క చెప్పడం కష్టమేమీ కాదు.