ప్రార్థన ఉండగా మందెందుకు?

టీకా వేయించుకుంటే విశ్వాసం లేనట్టేనా అని 2021లో కోవిడ్ వేళ కొందరు విశ్వాసులు అడిగారు. షుగరు మాత్రలు మానేసి ప్రార్థన చేయించుకుంటే చాలుననేవారు నేటికీ మన సంఘాల్లో ఉన్నారు. ప్రియులారా, హిజ్కియా కన్నీటి ప్రార్థన విని దేవుడు పదిహేనేండ్ల ఆయుష్షు అనుగ్రహించాడు. అయినా యెషయా ఆ పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (యెషయా 38). స్వస్థత వాగ్దానం చేసిన దేవుడే మందును కాదనలేదు!

మన కాటన్ దొరగారూ భక్తిపరులే. అలాగని కరవు తీర్చమని మోకరించి ఊరుకోలేదు. గోదావరిని కొలిచి, లెక్కలు కట్టి, ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించారు. ఆ కాలువల నీళ్లే నేటికీ మన చేలకు. దాన్ని అవిశ్వాసం అన్నవారెవరూ లేరే!

మాత్రలు మానమనే బోధకుణ్ణి ఏ వచనం ప్రకారమో అడగండి. రోగి మీద చేతులుంచి ప్రార్థించాక ఆసుపత్రికి ఆటో పిలవడం కూడా కాపరి పనే.