కూడబెట్టి, ఊరికిచ్చినవారు

జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చుకుని హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడ్డారు. వారిది జమీందారీ సంపద కాదు. ఎవరికీ పట్టని వస్తువుల విలువను పసిగట్టే కన్ను వారి పెట్టుబడి. దక్కనీ చిత్రాలు, కలంకారీ వస్త్రాలు, నల్లటి లోహంలో వెండి తీగ పొదిగిన బిద్రీ హుక్కా కుదుళ్లు ఒక్కొక్కటిగా సేకరించారు.

1625 నాటి తెలంగాణ పటచిత్రం వాటిలో ఒకటి. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథను వరుస బొమ్మల్లో చెప్పే ఆ పొడవాటి గుడ్డ, ఇలాంటి పటాలు గీసే మన నకాషీ కళాకారుల పనితనానికి నిలువెత్తు సాక్ష్యం.

అమ్ముకుంటే తరతరాలకు సరిపోయే ఆస్తిని 1976లో ట్రస్టు పెట్టి మ్యూజియానికి ఇచ్చేశారు. కళను ప్రేమించడమంటే ఇదే.

ఈ సంచిక అలాంటి దాతలకు అంకితం. మ్యూజియానికి భవనమొక్కటే చాలదు. వస్తువులను భద్రపరచాలి, వాటి చరిత్ర రాయాలి, పిల్లలకు చూపించాలి. మీ ఇంట్లో పాత పటమో, తాళపత్రమో ఉంటే పారేయకండి, తూకానికి వేయకండి. దగ్గర్లోని మ్యూజియం వారికి చూపించండి.

– సంపాదకుడు