మాఫీ అయింది సరే, బాకీ సంగతేంటి?

మిరప కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సువార్త సభలు జోరందుకుంటాయి. పాస్టర్లు చెప్పే మిసాల్ దాదాపు ఒకటే: "నీ అప్పు ఏసయ్య కట్టేశాడు, నీ ఖాతా మాఫీ." ఈ నేలమీద ఇంతకంటే బాగా అర్థమయ్యే మాట లేదు. మాఫీ, బాకీ, వసూలు, హక్కు, చివరికి కౌలు కూడా మా జబాన్ నుంచి వచ్చిన మాటలే కదా. ఖౌల్ అంటే ఇచ్చిన మాట.

కానీ భాయ్, మాఫీ ఎలా జరుగుతుందో ఇక్కడి జనానికి తెలుసు. పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే బ్యాంకు అప్పు వాళ్ళకే పోతుంది. చేను దున్నిన కౌలురైతుకు షావుకారు బాకీ అలాగే ఉంటుంది. కృప గురించి మీరు చేసే బయానూ అలాగే ఉంది. గునా చేసినవాడికీ దేవుడికీ మధ్య ఖాతా కొట్టేస్తారు. వాడు ఎవరి హక్కు తిన్నాడో ఆ మనిషి ఊసే ఉండదు.

క్రియలవల్ల రక్షణ రాదంటారు. ఆ బహస్‌లోకి నేను రాను. మీ ఇంజీలులోనే జక్కయ్య ఉన్నాడు. ఏసు అతనింటికి వస్తానన్నది ముందు, అతను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నది తర్వాత. కృప ముఫ్త్‌గానే వచ్చింది, కానీ వచ్చాక చేతులు ముడుచుకుని కూర్చోనివ్వలేదు. కృప పెరగాలని పాపంలోనే ఉందామా అని రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు అడిగి, తనే కాదన్నాడు.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని క్లౌ దొర కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ విశ్వాసులు పాపాన్ని జయించిన తీరు చూడండి: చచ్చిన గొడ్డు తినం, ఆదివారం పనికి రాం, జాతరలో డప్పు కొట్టం. ఆసాములు కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. దెబ్బలు తిని నిలబడటం అంటే మామూలు ఈమానా!

ఇప్పటి సభల్లో పాపాల ఫిహరిస్తు వినండి. సారా, బీడీ, సినిమా. అన్నీ కూలివాడి అలవాట్లే. మన జిల్లాల్లో పెద్ద కులాల క్రైస్తవులూ ఉన్నారు. కోత కూలి బిగబట్టడం, విడి సమాధుల తోట పెట్టుకోవడం ఆ జాబితాలోకి ఎందుకు ఎక్కవు?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తగువు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. చచ్చినవాళ్ళలో బైబిలు పేర్లున్నవాళ్ళు ఉన్నారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో గానీ రాలేదు. అలాంటి ఊళ్ళలో నిలబడి "క్షమించండి, కృప చాలు" అని ఎవరికి చెబుతున్నారు? దెబ్బ తిన్నవాళ్ళకే. కొట్టినవాడికి తౌబా చెప్పే ధైర్యం ఏ మైకుకీ లేదు.

మావాళ్ళేం ఫరిష్తాలు కారు. హజ్ చేసొచ్చి, తమ్ముడి వాటా పొలం దున్నుకునే హాజీసాబ్‌లు మాకూ ఉన్నారు. నమాజు, రోజా మూటగట్టుకొచ్చినా జనం హక్కులు తిన్నవాడు ఖయామత్ రోజున ముఫ్లిస్ అవుతాడని హదీసు చెప్తూనే ఉంది. వాడి నేకీలన్నీ బాకీలకింద జమ అయిపోతాయి. ఆ హదీసు మా జుమా బయాన్లలోనూ అరుదే, అది వేరే రాస్తాను. ప్రస్తుతం పాస్టరుగారిని అడిగేది ఒక్కటే. ఈసారి సభలో ముందు వరసలో కూర్చునే ఆసామికి జక్కయ్య కథ చివరిదాకా చెప్పండి, ఆ నాలుగింతలతో సహా.